వీలు చూసుకొని రండి

సేతుమాధవరావు మరణవార్త ఆదోనిలో చాలామందిని నొప్పించింది. ఆయన పోయినందుకు కాదు. డెబ్భై ఒకటి నిండిన మనిషి, పదేళ్ల నుంచి చక్కెర వ్యాధి, అందరూ అనుకున్నదే. నొప్పించింది ఆ వార్త వచ్చిన తీరు. పొద్దున ఏడు గంటలకల్లా ఊళ్లో అరవై ఫోన్లకు ఒకే మెసేజీ వచ్చింది.

"మా బావ సేతుమాధవరావు ఈ పొద్దు ఐదున్నరకు చనిపోయినాడు. పదకొండుకు తీసుకుపోతాం. చూడాలనుకున్నవాళ్లు అంతలోపల రండి."

పంపింది ఆయన బావమరిది శ్రీశ. మాధవరంలో బడిపంతులు. పరమపదించారని లేదు. హరిపాదం చేరారని లేదు. చింతిస్తూ తెలియజేయునదేమనగా అని కూడా లేదు. ముప్పై నాలుగేళ్లు తెలుగు చెప్పిన పండితుడి చావు ఇంత మొరటు తెలుగులోనా అని సాహితీ మిత్రులు ఒకరికొకరు ఫోన్లు చేసుకున్నారు. వాళ్ల కార్యదర్శి సంతాప సభ కోసం ముందే ఒక పద్యం సిద్ధం చేసుకున్నాడు. చావు అనే ఊసే తగలకుండా నాలుగు పాదాలు లాక్కొచ్చాడు. ఆ శ్రమంతా ఒక్క మెసేజీతో బూడిదలో పోసినట్టయింది.

నొచ్చుకున్నవాళ్లంతా పదిన్నరకల్లా వచ్చేశారు. ఒక్కరూ ఆలస్యం కాలేదు. ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

మెసేజీ అట్లాగే ఉండాలని చెప్పింది సేతుమాధవరావే. జీవితమంతా దానికి సరిగ్గా ఎదురుగా నిలబడిన మనిషి ఆ మాట దాకా ఎలా వచ్చాడన్నదే ఈ కథ.

బతికున్నన్నాళ్లూ ఆదోనిలో ఆయన ఎర్రసిరా తగలని కాగితం తక్కువ. పెళ్లిపత్రిక ఇచ్చి పిలిస్తే, పెళ్లికి వెళ్లి అక్షింతలతో పాటు తప్పులు దిద్దిన పత్రిక కూడా పెళ్లికూతురి తండ్రి చేతిలో పెట్టేవాడు. హోటల్లో ఇడ్లీ చల్లారిపోతున్నా గోడమీద బోర్డులోని వత్తు గురించి సర్వరుతో వాదించేవాడు. పిల్లలు ఆయన్ని ఎర్రపెన్ను సారు అనేవాళ్లు. ఆయనకు తెలుసు. అది బిరుదనుకునేవాడు.

అన్నిటికంటే ఆయనకు ఇష్టమైనది మంగళభాష. మన పెద్దలు చెడ్డమాట నోట రానివ్వలేదనేవాడు. దీపం ఆరిందనకూడదు, కొండెక్కిందనాలి. ఇల్లు దాటుతూ పోతాననకూడదు, వెళ్లి వస్తాననాలి. ఇంట్లో ఏదీ లేదనకూడదు, అయిపోయిందనకూడదు, నిండుకుందనాలి. ఈ చివరిది ఆయన భార్య ఇందిరాబాయికి పెళ్లయిన వారంలోనే పాఠమైంది. వంటింట్లోంచి "ఉప్పు లేదు, తెండి" అంది ఆమె.

"ఉప్పు నిండుకుంది అనాలి."

"నిండుకునింటే తేవడమెందుకు, కూర్చోండి" అని ఇందిరాబాయి ఉప్పులేని చారు పోసింది. ఆయన తిన్నాడు. ఓడిపోయానని మాత్రం ఒప్పుకోలేదు. నలభై రెండేళ్ల కాపురమూ దాదాపు ఇదే పద్ధతిలో నడిచింది.

శ్రీశ ఆమె తమ్ముడు. బడిలో సేతుమాధవరావు దగ్గరే చదువుకున్నాడు. పన్నెండేళ్ల కిందట సేతుమాధవరావు తల్లి పోయినప్పుడు ఆయన ఏదో పనిమీద కర్నూలులో ఉన్నాడు. శ్రీశే ఫోన్ చేశాడు. "బావా, మీ అమ్మ చనిపోయింది. బయల్దేరు." ఆయన అప్పుడు భోజనం చేస్తున్నాడు. చెయ్యి కడుక్కొని బయల్దేరాడు, సమయానికి వచ్చాడు, చెయ్యవలసినవన్నీ చేశాడు. పదమూడో రోజు బంధువులంతా వరండాలో కూర్చున్నప్పుడు శ్రీశను పిలిచి నిలబెట్టాడు.

"తింటున్నవాడితో అట్లాగేనా చెప్పేది? నా దగ్గర నేర్చుకున్న తెలుగు ఇదేనా?"

"మరెట్ల చెప్పాల బావా?"

"కొంచెం నలతగా ఉంది, వీలు చూసుకొని రండి. ఇట్లా చెప్పాలి. వినేవాడు దారిలో తనకు తానే తెలుసుకుంటాడు. మనసు సిద్ధం చేసుకుంటాడు. ఏదీ, అను."

నలభై ఏళ్ల మనిషి చేత, ఇద్దరు పిల్లల తండ్రి చేత, అందరి ముందూ ఆ వాక్యం మూడుసార్లు చెప్పించాడు. ఇందిరాబాయి తలుపు చాటు నుంచి "చాలించండి" అంది. ఆయన మూడోది కూడా పూర్తయ్యాకే చాలించాడు.

శ్రీశ మంచి విద్యార్థి. నేర్చుకున్నది మరిచిపోడు.

పదేళ్లు తిరిగాయి. ఒక ఆదివారం ఎమ్మిగనూరులో, నేత సొసైటీ వీధిలో ఒక చిన్న హాలులో సేతుమాధవరావుకు సన్మానం పెట్టారు. ఆయన ప్రసంగ విషయం: తెలుగువారి మంగళభాష. పదకొండు గంటలకు, ఆయన మైకు ముందుకు వెళ్లబోతుండగా, ఫోన్ మోగింది. శ్రీశ.

"బావా, అక్కకు కొంచెం నలతగా ఉంది. వీలు చూసుకొని రండి."

"సరే, కానిచ్చి వస్తాను" అన్నాడు ఆయన. మాట పొందికగా ఉందని ఆ క్షణంలోనే అనిపించింది కూడా. గంటా పది నిమిషాలు మాట్లాడాడు. కొండెక్కిన దీపం దగ్గర చప్పట్లు పడ్డాయి. శాలువా బదులు ఊరి మగ్గం మీద నేసిన దుప్పటి కప్పారు. ఫోటోలు దిగాడు. పులిహోర తిన్నాడు. రెండు గంటల బస్సు ఎక్కాడు.

ఆదోని ఆసుపత్రిలో ఇందిరాబాయి ఒకటిన్నర దాకా మెలకువగా ఉంది. గుండెనొప్పి. "ఆయన బయల్దేరినాడా?" అని రెండుసార్లు అడిగింది. బయల్దేరినాడని రెండుసార్లూ శ్రీశ అబద్ధం చెప్పాడు. మూడుంబావుకు భుజాన దుప్పటితో సేతుమాధవరావు ఆసుపత్రి గేటు దగ్గర దిగితే, శ్రీశ ఎదురొచ్చి, "బావా, ముందు కాళ్లు కడుక్కో. అక్క హరిపాదం చేరింది" అన్నాడు. ఎక్కడా వంక పెట్టడానికి లేని వాక్యం.

తర్వాత ఏడాదిన్నర పాటు సేతుమాధవరావు శ్రీశతో మాట్లాడలేదు. పరామర్శకు వచ్చినవాళ్లకూ, రానివాళ్లకూ, పాలు పోసే అయ్యన్నకూ ఒకే మాట చెప్పాడు: "ఒక్క మాట సూటిగా చెప్పలేకపోయాడు. బడిపంతులట." ఆ మాట నేర్పింది ఎవరన్నది ఆయన ఎవరికీ చెప్పలేదు. వరండాలో ఆనాడు కూర్చున్న బంధువులందరికీ గుర్తుంది. వాళ్లు మంగళభాష మనుషులు కాబట్టి పైకి అనలేదు.

మాధురి ఆయన దగ్గరకు వచ్చింది ఆ రోజుల్లోనే. ఆమె కూడా పాత విద్యార్థినే. ఎమ్మిగనూరు కోడలు. మామగారు ఇంద్రసేనయ్య లేరు. మొగుడు అనిల్ ఆదోని మార్కెట్ యార్డులో పత్తి కొంటాడు. మాధురి బెంగళూరు కంపెనీ పని ఇంట్లోనే కూర్చొని చేస్తుంది. అత్త జయమ్మ గుండెకు అంతకు ముందు ఏడాదే రెండు స్టెంట్లు వేశారు. ఆమె ఒక్కతే ఇంట్లో ఉండే పూటలు ఎక్కువ.

"ఇంటినిండా చిన్న చిన్న డబ్బాలు పెట్టినాం సార్" అంది మాధురి. "గ్యాసు లీకైనా, తలుపు తీసినా, ట్యాంకులో నీళ్లు అయిపోయినా, మనిషి పడినా వాటికి తెలుస్తాది. అవి ఏజెంటుకు చెప్తాయి."

"ఇన్సూరెన్సు ఏజెంటా?"

"కాదు సార్. కంప్యూటర్లో ఉండే తెలివి. అదే ఆలోచించుకొని ఇంట్లోవాళ్లకు కబురు చెప్పాల. కబురు చెప్పే పనిముట్టు నేను చేసినా. దాన్ని ఎట్ల వాడాలో ఏజెంటుకు రాసియ్యాల. ఎవురికి చెప్పాల, ఎంత తొందరగా చెప్పాల, ఏ మాటతో చెప్పాల. తొందర మూడు అంచెలు: మామూలు, జాగ్రత్త, తక్షణం. ఇంగ్లీషులో రాసి చూసినా. దాని నోట్లోంచి వచ్చే తెలుగు బాగలేదు. మొన్న మా అత్తతో 'ముందు తలుపు తెరవబడి ఉన్నది, దయచేసి తగు చర్య తీసుకొనండి' అనింది. 'ఎవురి మీద తీసుకోవాలమ్మే?' అని అడుగుతాది మా అత్త."

సేతుమాధవరావు కళ్లజోడు సవరించుకున్నాడు. "నేను రాసింది అది చదువుతుందా?"

"ప్రతిసారీ చదువుతాది సార్. అక్షరం వదలదు."

"రాసినట్టే చేస్తుందా?"

"దాదాపు."

"మధ్యలో నిద్రపోదు కదా?"

"పోదు."

ముప్పై నాలుగేళ్ల సర్వీసులో అలాంటి విద్యార్థి ఆయనకు ఒక్కడూ దొరకలేదు. వెంటనే ఒప్పుకున్నాడు. మాధురి వెళ్తూ గడప దగ్గర ఆగింది. "తలుపులు, నీళ్లు ఎట్లున్నా ఫర్వాలేదు సార్. మూడో అంచె ముఖ్యం. మా అత్త కోసమే ఇదంతా. అనిల్ యార్డులో ఉంటాడు, గంట దూరం. ఆ ఒక్క మాట సరిగ్గా ఉండాల."

ఆయన తలూపాడు. ఆ ఒక్క మాటకు తనకంటే తగనివాడు జిల్లాలో ఉండడని ఆయనకు తెలుసు. ఆ సంగతి మాధురికి తెలియదు.

మొదటి ప్రతి అరవై ఒక్క పేజీలు వచ్చింది. ఇష్టదేవతా ప్రార్థనతో మొదలైంది. రెండో పేజీలో ఏజెంటుకు ఆశీర్వచనం. విభక్తుల మీద ఒక అధ్యాయం, ఏకవచనం ఎవరి పట్ల వాడరాదో ఇంకొకటి. కబురు ఎవరికి ముందు చెప్పాలనే చోట వయసునూ వరసనూ బట్టి పదిహేడు మెట్లు కట్టాడు. మేనమామ ఎనిమిదో మెట్టు.

మాధురి ఓపికగా తిప్పింది. "సార్, తలుపు తెరుచుకున్న ప్రతిసారీ అది ఇదంతా చదవాల. చదివేలోపల దొంగ వచ్చి పోతాడు."

"వచ్చి వెళ్తాడు అనాలి."

"దొంగకు గూడా సార్?"

రెండో ప్రతి మూడు పేజీలకు దిగింది. మామూలు, జాగ్రత్త ఉన్నాయి. తక్షణం అనే శీర్షిక కింద తెల్లకాగితం. రాస్తానన్నాడు. ఉన్నంతవరకు పెట్టి చూద్దామని మాధురి దాన్ని ఏజెంటుకు ఇచ్చింది. ఆ కాగితంలో మొదటి నియమం ఏమిటో చెప్పనక్కర్లేదు. ఇంట్లో ఏ వస్తువునూ లేదనరాదు, అయిపోయిందనరాదు, నిండుకుందనాలి.

జయమ్మ వాళ్ల వీధికి కొళాయి నీళ్లు మూడు రోజులకొకసారి, ఒక గంటసేపు వస్తాయి. ఆ గంటలో మోటారు వేసి ట్యాంకు నింపుకోవాలి. నీళ్లు వచ్చే పొద్దున జయమ్మ మోటారు స్విచ్చి మీద చెయ్యి పెట్టింది. అప్పుడే వంటింట్లోని డబ్బా శుద్ధమైన తెలుగులో పలికింది.

"ట్యాంకు నిండుకుంది."

జయమ్మ చెయ్యి తీసేసింది. మెచ్చుకుంది కూడా. కొళాయి వచ్చింది, పోయింది. మధ్యాహ్నం పాత్రలు కడగడానికి నీళ్లు తిప్పితే గాలి వచ్చింది. పక్కింటి హుసేనమ్మతో ఆమెకు మునగచెట్టు కొమ్మ దగ్గర తగువై నెల రోజులుగా మాటల్లేవు. ఆ హుసేనమ్మ ఇంటి నుంచే రెండు రోజులు బిందెలతో మోసుకొచ్చింది. తగువు తీరిపోయిందన్నది వేరే లాభం. మూడో రోజు సేతుమాధవరావుకు ఫోన్ చేసింది.

"అయ్యవారూ, ట్యాంకు నిండుకున్యాదని మీ డబ్బా సెప్పె. నింపినోడెవడో సెప్తే కాళ్లు మొక్కుతా."

"నిండుకోవడమంటే ఖాళీ కావడమమ్మా. లేదు అనే మాట ఇంట్లో..."

"నాకు తెలీదా? బియ్యం నిండుకున్యాయంటే సంచి తీస్కోని పోతాం. ట్యాంకు నిండుకున్యాదంటే నిండిందనుకోక ఇంగేమనుకోవాలప్పా?"

"లోకంలో వాడుక ప్రకారం..."

"వాడుకకు నీళ్లు లేవు సామీ, మూడు దినాలాయె."

ఆయన ఓడిపోయానని ఒప్పుకోలేదు. వంటసరుకులకు నిండుకుంది, నీళ్లకు అడుగంటింది అని సవరణ రాశాడు. మళ్లీ నీళ్ల రోజు వచ్చింది. "అడుగంటింది" అంది డబ్బా. జయమ్మ పరుగెత్తిపోయి పొయ్యి మీది పప్పు దించింది. మూత తీసి చూసింది. పప్పు చక్కగా ఉంది. ఆ లోపల కొళాయి గంటలో సగం గడిచింది. మాధురి ఆయనకు చెప్పకుండా ఆ వాక్యం కొట్టేసి "ట్యాంకులో నీళ్లు లేవు" అని రాసుకుంది. ఆ తర్వాత ఆ ఇంట్లో నీళ్లకు ఏ లోటూ రాలేదు. ఈ సంగతి తెలిసి సేతుమాధవరావు రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మాట్లాడటానికి ఇంట్లో ఎవరూ లేరు కాబట్టి ఎవరికీ తెలియలేదు.

మూడో అంచె మాత్రం అట్లాగే తెల్లగా ఉంది. మాధురి వారానికొకసారి అడిగేది, ఆయన రాస్తున్నాననేవాడు. కాగితం ముందు కూర్చుంటే అక్షరాలకు బదులు ఆసుపత్రి గేటు కనబడేది. చివరికి ఆమె, "శుక్రవారం ఇంటికి రండి సార్. మూడో అంచె గూడా ఆడించి చూస్తాం. వచ్చే వారం నేను బెంగళూరు పోవాల, అత్త ఒక్కతే ఉంటాది" అంది.

శుక్రవారం బస్సు బయల్దేరాక కాగితం తీశాడు. మోకాలి మీద పెట్టుకొని రాశాడు. గతుకుల్లోనూ చెయ్యి ఎక్కడా తడబడలేదు. దానికి అలవాటైన మాటే కాబట్టి ఆయనను అడగకుండా రాసేసింది. ఎమ్మిగనూరులో దిగి, నేత సొసైటీ వీధిలో ఆ హాలు ముందు నుంచి ఆటోలో పోతూ, అవతలి వైపు మగ్గం చప్పుడు వినబడుతుంటే అటే చూస్తూ కూర్చున్నాడు.

జయమ్మ కాఫీ ఇచ్చింది. మాధురి ఆ కాగితంలోని మాటలు ఏజెంటుకు ఇచ్చి, "ఇప్పుడు అత్త పడిపోయినట్టు అనుకుంటాం" అని ఏదో నొక్కింది.

"అనుకుంటాం లే. అనుకునేదానికి మాత్రం మీకు బలే సంబరం" అంది జయమ్మ.

గోడమీది డబ్బా గొంతు సవరించుకోకుండా పలికింది.

"జయమ్మ గారికి కొంచెం నలతగా ఉంది. వీలు చూసుకొని రండి."

సేతుమాధవరావు చేతిలో కాఫీ గ్లాసు అట్లాగే ఉండిపోయింది. ఉచ్చారణలో తప్పులేదు. విరుపు సరిగ్గా ఉంది. పదకొండు గంటలకు మైకు పక్కన విన్న వాక్యమే. పేరు తప్ప ఒక్క అక్షరం తేడా లేదు. తేడా అల్లా ఒకటే: ఈసారి చెప్పినదానికి భయం లేదు, ఏడుపు ఆపుకోవడం లేదు. అందువల్ల ఆ మాటలో ఏముందో అదొక్కటే వినబడింది. ఏమీ లేదు.

జయమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "నలతనా? అయ్యవారూ, ఈ మాట మా అనిలుగానికి పోతే ఏం జేస్తాడో నేను సెప్తా, వినండి. కుప్పలు సూస్తాడు. బేరం జేస్తాడు. టీ తాగుతాడు. ఉగ్గాని తింటాడు. వీలు సూసుకొమ్మన్యారు గదా, సూసుకుంటాడు. అమ్మకు నలతంట అని దోవలో బత్తాయిలు గూడా కొనుక్కోనొస్తాడు. ఆ బత్తాయిలు నా తలకాడ పెట్టాల."

"అత్తా, ఊరుకో" అంది మాధురి.

"ఏంటికి ఊరుకోవాల? సచ్చేది నేను. సెప్పేదానికి ఈ అయ్యవారికెందుకమ్మే సిగ్గు?"

సేతుమాధవరావు గ్లాసు కింద పెట్టాడు. "రెండుసార్లు అడిగిందట."

"ఎవురు?"

"మా ఇందిర. ఆయన బయల్దేరినాడా అని."

జయమ్మ కుర్చీ లాక్కొని కూర్చుంది. ఓదార్చే రకం కాదు ఆమె. "బయల్దేర్లేదా మరి?"

"వీలు చూసుకున్నాను."

మాధురి కాగితం తెచ్చి ఆయన ముందు పెట్టింది. జేబులోంచి ఎర్రపెన్ను తీసి, మొదట బస్సులో రాసిన వాక్యం మీద అడ్డంగా ఒక గీత గీశాడు. ఇంకొకరి వాక్యం మీద గీసినంత గట్టిగా. తర్వాత ఆగకుండా రాశాడు. ఆయన చదువుకున్న పుస్తకాలు వేటిలోనూ లేని తెలుగు అది.

"మూడో అంచె. తక్షణం.

మనిషి పేరు చెప్పు. ఏం జరిగిందో చెప్పు. ఎక్కడో చెప్పు. ఇప్పుడే రమ్మని చెప్పు.

ముందు దగ్గరున్నవాళ్లకు చెప్పు. చుట్టరికం తర్వాత చూసుకో.

వినేవాళ్లు తింటున్నా చెప్పు. సభలో మాట్లాడుతున్నా చెప్పు.

కొంచెం, నలత, వీలు. ఈ మూడు మాటలూ వాడకు.

నొచ్చుకుంటారేమోనని ఆగకు. నొచ్చుకోవడానికి వాళ్లకు తర్వాత చాలా కాలం ఉంటుంది."

చివర సంతకం పెట్టడానికి చెయ్యి కదిలింది. పెట్టలేదు.

తర్వాతి గురువారం పొద్దున, మాధురి బెంగళూరులో ఉండగా, జయమ్మ వంటింట్లో నిజంగానే పడిపోయింది. హుసేనమ్మ పక్కింట్లో జొన్నరొట్టె తడుతోంది. ఆమె ఫోన్ మోగి, గోడమీది డబ్బా గొంతే అందులోంచి వచ్చింది. "జయమ్మ వంటింట్లో పడిపోయింది. లేవడం లేదు. ఇప్పుడే రండి." హుసేనమ్మ పిండి చేతులతోనే వచ్చి, అరిచి, ఆటో పిలిపించింది. అదే మాట ఆదోని యార్డులో అనిల్‌కు చేరింది. చేతిలోని దూదిని కుప్ప మీద పడేసి, చెప్పు ఒకటి అక్కడే వదిలేసి బండెక్కాడు. అతను వచ్చేసరికి డాక్టరు జయమ్మకు ఇవ్వవలసిన సూదిమందు ఇచ్చేశాడు. ఇంకో అరగంట ఆగివుంటే తన చేతిలో ఉండేది కాదన్నాడు. అది డాక్టర్లందరూ అనే మాటే అయినా, ఈసారి నిజం.

నాలుగో రోజు సేతుమాధవరావు చూడ్డానికి వెళ్తే జయమ్మ మంచం మీది నుంచే అందుకుంది.

"పడిపోయిందంట. నేనేమన్నా గోడనా, కూలిపోయేదానికి? 'గారు' యాడ పోయింది అయ్యవారూ? మొన్న నలతకు పెడితిరి గదా గారు."

బస్సు కండక్టర్లకు కూడా గారు తగిలించే మనిషి కదలలేదు. "గారు అనేలోపల హుసేనమ్మ ఇంకో అడుగు వేస్తుంది."

"వేస్తాదిలే. ఆయమ్మ రొట్టె మాడిపోయిందని నాలుగు దినాల్నుంచి సెప్తాంది" అంది జయమ్మ. తర్వాత, గోడవైపు చూస్తూ, "బయల్దేరినాడా అని నేను అడగనే లేదప్పా. వచ్చేసినాడు" అంది.

ఆయన ఆ రోజు ఆదోనిలో దిగి ఇంటికి వెళ్లలేదు. బస్టాండులోనే ఇంకో బస్సు ఎక్కి మాధవరం వెళ్లాడు. పొద్దు వాలుతుండగా శ్రీశ ఇంటి తలుపు తట్టాడు. శ్రీశ తలుపు తీసి, ఏడాదిన్నర తర్వాత కనబడిన బావను చూసి, ఏమనాలో తెలియక నేర్చుకున్న మర్యాదే అన్నాడు.

"రా బావా. ముందు అన్నం తిను. తర్వాత మాట్లాడుకుంటాం."

"తినకముందే చెప్పాలి" అన్నాడు సేతుమాధవరావు. గడప ఇవతలే నిలబడ్డాడు. "ఇందిర చచ్చిపోయింది. నేను ఆలస్యంగా వచ్చినాను. నువ్వు చెప్పింది నేను నేర్పిన మాట. తప్పు నీది కాదు, నాది."

ఒక్క వాక్యంలోనూ మంగళభాష లేదు. శ్రీశ గుమ్మం పట్టుకొని నిలబడ్డాడు. సేతుమాధవరావు జేబులోంచి మూడో అంచె కాగితమూ ఎర్రపెన్నూ తీసి ఇచ్చాడు. "దిద్దు" అన్నాడు.

లోపలికి వెళ్లి, దీపం వెలుతురులో శ్రీశ రెండుసార్లు చదివాడు. పెన్ను మూత తీశాడు, పెట్టాడు, మళ్లీ తీశాడు.

"ఇప్పుడే రమ్మని రాసినావు. దాని తర్వాత ఒక మాట తక్కువుంది బావా."

"ఏమిటది?"

"నీ కోసం అడుగుతాంది. అది గూడా చెప్పాల. మనిషి మాట్లాడతాంటే, ఎవరినన్నా అడుగుతాంటే, ఆ సంగతి చెప్పాల. ఆ పొద్దు అక్క అడిగిందని ఒక్క మాట నేను చెప్పింటే నువ్వు మైకు దగ్గర నిలబడేవాడివి కాదు. చెప్పాలనే ఉండె. నువ్వు నేర్పిన దాంట్లో ఆ మాటకు చోటు లేదు."

సేతుమాధవరావు కాగితం తీసుకొని, శ్రీశ చెప్పినట్టే రాసుకున్నాడు. "ఆ మనిషి ఎవరినైనా అడుగుతుంటే, అడుగుతున్నారని చెప్పు." తన రాతలో ఇంకొకరు పెట్టిన దిద్దుబాటును ఆయన ఒప్పుకున్నది అదొక్కటే. మాధురి ఆ వాక్యాన్ని అట్లాగే ఏజెంటుకు ఇచ్చింది. తర్వాత వేరే ఇళ్లకూ ఇచ్చింది, ఇప్పుడు ఆ కాగితాన్ని ఏవేవో ఊళ్లలో ఆ డబ్బాల వెనకుండే ఏజెంట్లన్నీ చదువుతున్నాయి. ఎవరు రాశారో వాటికి తెలియదు.

ఆ పూట అన్నం తిన్నారు. చారులో ఉప్పు తక్కువైంది. ఎవరూ అనలేదు. చెయ్యి కడుక్కొని వచ్చాక సేతుమాధవరావు అన్నాడు:

"నా సంగతి వచ్చినప్పుడు ఊళ్లోవాళ్లకు నువ్వే చెప్పాలి. సూటిగా చెప్పు."

"మీ సాహితీ మిత్రులు తిడతారు బావా."

"తిట్టనీ. తిట్టడానికైనా ముందు రావాలి కదా."